సగం బెరడు పోయిన జీడిమాను బతుకుతుందా? కొబ్బరికి పెట్టిన గాటు ఎందుకు పూడదు?

ఉద్దానం_జీడితోట (వజ్రపుకొత్తూరు మండలం)

అందరికీ నమస్కారం. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా తోటలో చాలా మాన్లు వేళ్లతో సహా లేచిపోయాయి. మిగిలిన పాత మాన్లను జాగ్రత్తగా కాపాడుకుంటూ వస్తున్నాం. వాటిలో బాగా కాసే పెద్ద మానుకి ఇప్పుడు కాండం తొలిచే పురుగు పట్టింది. మాను మొదలు దగ్గర బంక కారుతోంది, బంకతో పాటు నమిలిన పొట్టు రాలుతోంది. కత్తితో బెరడు లేపితే లోపల వంకర టింకర సొరంగాలు, వాటి నిండా పొట్టు. వేలెడు పొడుగున్న తెల్ల పురుగుల్ని ఏరి చంపాం.

శుభ్రం చేశాక చూస్తే నేల నుంచి మోకాలెత్తు దాకా, మాను చుట్టూ ఇంచుమించు సగం మేర బెరడు లేదు. చెక్క కనిపిస్తోంది. ఆకు పచ్చగానే ఉంది గానీ ఒక కొమ్మ పసుపు తిరిగింది. ఈ మాను బతుకుతుందా? పీకేసి అంటుమొక్క పెట్టుకోవడమే మేలా?

ఇంకో సంగతి. మా తాతగారి రోజుల్లో కొబ్బరి ఎక్కడానికి కాళ్లు పెట్టుకునే గాట్లు కొట్టారు. ఆ గాట్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, ఒక్కటీ పూడలేదు. పక్కనే ఉన్న పనసకి నరికిన కొమ్మ దెబ్బ మాత్రం కొన్నేళ్లలో మూసుకుపోయింది. రెండూ చెట్లే కదా, ఎందుకీ తేడా? తెలిసినవాళ్లు చెప్పండి.

పలాస_కుర్రాడు

అన్నా, పసుపు తిరగడం మొదలైందంటే ఆశ వదిలేసుకో. మా మామయ్య తోటలో ఇలాగే ఒకదాన్ని ఉంచితే పురుగు పక్క మాన్లకి పాకింది. పీకి, మొదలు చీల్చి, లోపల పురుగు లేకుండా చూసి తగలబెట్టెయ్. మొద్దు తోటలో వదలొద్దు.

బోటనీ_మాస్టారు (శ్రీకాకుళం, రిటైర్డ్ లెక్చరర్)

బాబూ, తొందరపడి పీకొద్దు. చచ్చిన మానుని తోటలో ఉంచకూడదన్నది నిజమే. కానీ మీ మాను ఇంకా చావలేదు. చెట్టు లావెక్కే తీరు తెలిస్తే మీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకే చోట దొరుకుతుంది. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

జీడి, మామిడి, పనస, వేప, చింత వంటి ద్విదళ బీజ చెట్లలో (గింజలో రెండు పప్పులుండే జాతులు) బెరడుకీ చెక్కకీ మధ్య సన్నటి సజీవమైన పొర ఒకటి మాను చుట్టూ ఉంటుంది. దాని పేరు కాంబియం. కంటికి అది ఒక తడి గీతలా కనబడుతుంది, అంతే. అందులోని కణాలు విడిపోతూ, లోపలివైపు చెక్కని, అంటే దారువుని తయారు చేస్తాయి. బయటివైపు పోషక కణజాలాన్ని తయారు చేస్తాయి. వేరు పీల్చిన నీళ్లు దారువులోంచి పైకి పోతాయి. ఆకు వండిన ఆహారం పోషక కణజాలంలోంచి కిందికి, వేర్లకి పోతుంది. లోపలికి వేసేది ఎక్కువ, బయటికి వేసేది తక్కువ. అందుకే పెద్ద మానులో చెక్క ఎంతో ఉండి, బెరడు కాస్తే ఉంటుంది. బయటికి వేసిన పాత పోషక కణజాలం మాను లావెక్కేకొద్దీ నలిగిపోయి పనికిరాకుండా పోతుంది. ఏ కాలానికైనా ఆహారం మోసేది కాంబియానికి ఆనుకుని ఉన్న కొత్త పొరే.

లేత మొక్కలో ఈ కాంబియం పూర్తి వలయంగా ఉండదు. నాళికాపుంజాల్లో, అంటే నీళ్లూ ఆహారం మోసే గొట్టాల కట్టల్లో మాత్రమే ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మొక్క ముదిరేకొద్దీ పుంజాల మధ్యనున్న మామూలు కణాలు కూడా మళ్లీ విడిపోయే శక్తి తెచ్చుకుంటాయి. ఆ ముక్కలన్నీ కలిసి వలయం అవుతుంది. అక్కడి నుంచి చెట్టు బతికున్నంత కాలం ఆ వలయం పని చేస్తూనే ఉంటుంది.

మీ పురుగు తిన్నది సరిగ్గా ఈ చోటునే. రుచిగా, మెత్తగా, చక్కెర నిండి ఉండేది అదే. చుట్టూరా తినేస్తే ఆకు వండిన ఆహారం వేర్లకి దిగే దారి తెగిపోతుంది. వేర్లు తమలో దాచుకున్నది తిని కొన్నాళ్లు బతుకుతాయి, తర్వాత చస్తాయి. వేరు చచ్చాక పైకి నీళ్లు రావు. 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త మార్చెల్లో మాల్పీఘీ చెట్టు బెరడుని వలయంలా ఒలిచి చూశాడు. ఒలిచిన చోటుకి పైన బెరడు ఉబ్బింది. కిందికి దిగాల్సిన ఆహారం అక్కడే ఆగిపోయిందన్నమాట.

మీ మానుకి సగం బెరడు ఉంది కాబట్టి సగం దారి ఉంది. జీడి కాండం తొలిచే పురుగు విషయంలో శాస్త్రవేత్తలు సాధారణంగా చెప్పే గీటురాయి కూడా అదే. చుట్టుకొలతలో సగానికి మించి బెరడు పోతే కోలుకోవడం కష్టం. సగం లోపైతే ప్రయత్నించవచ్చు. మీది సరిగ్గా అంచున ఉంది. నేనైతే ప్రయత్నిస్తాను.

కొబ్బరి సంగతి విడిగా రాస్తాను. అది చాలా ముఖ్యమైన ప్రశ్న.

అంటుకట్టు_నర్సరీ (విజయనగరం దగ్గర)

మాస్టారు చెప్పిన కాంబియం మా చేతికి రోజూ తగులుతుంది. వానాకాలంలో, చెట్టు మంచి ఎదుగుదలలో ఉన్నప్పుడు కొమ్మ మీద రెండు గాట్లు పెట్టి బెరడు లేపితే టక్కున ఊడివస్తుంది. ఊడిన చోట చెక్క మీద వేలు పెడితే బెండకాయ కోసినట్టు జిగురుగా జారుతుంది. ఎండాకాలంలో అదే కొమ్మ బెరడు చెక్కకి అంటుకుని రానంటుంది. ఆ జారుడు ఉన్నప్పుడే మేం కన్ను అంట్లు కడతాం, అంటే మొగ్గ ఉన్న బెరడు ముక్కని అతికిస్తాం.

జామకి గాలి అంటు (కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేర్లు పుట్టించడం) తొక్కేటప్పుడు దాదాపు అంగుళం వెడల్పున బెరడు వలయం తీసేస్తాం. తీశాక కత్తి వీపుతో ఆ జారే పొరని గీకి, గుడ్డతో తుడిచేస్తాం. గీకకపోతే మిగిలిన కణాలు పైకీ కిందికీ కలిపేసి కొత్త బెరడు కట్టేస్తాయి. వేరు రాదు. గీకితే ఆహారం పైనే ఆగి, ఆ ఉబ్బు దగ్గర వేర్లు పుడతాయి.

అన్నా, మీరు చేయాల్సింది దీనికి పూర్తిగా తిరగేసిన పని. మీకు బెరడు మళ్లీ రావాలి. కాబట్టి పురుగు సొరంగాల వరకే తీయండి. పొట్టు, కుళ్లిన బెరడు, వదులైన ముక్కలు తీసి, తడిగా పచ్చగా కనిపించేది ఏదైనా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. చాలామంది శుభ్రం చేస్తున్నామనుకుని చెక్క తెల్లగా మెరిసేదాకా గీకేస్తారు. పురుగు వదిలేసిన కాస్త కాంబియాన్ని మనిషి పూర్తి చేస్తాడు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అంచులు మాత్రం పదునైన కత్తితో నున్నగా కోయండి. నలిగిన అంచు కుళ్లుతుంది, నున్నటి అంచు ఎదుగుతుంది.

డిగ్రీ_సెకండియర్ (టెక్కలి)

మాస్టారూ, నాకు సెమిస్టర్ పరీక్ష దగ్గర పడింది, ద్వితీయ వృద్ధి (చెట్టు లావెక్కడం) చాప్టర్ అంటేనే టెన్షన్. ఒక డౌట్. మీరు బెరడులో ఆహారం పోతుందంటున్నారు. పుస్తకంలో బెండు (కార్క్) కణాలు నిర్జీవం అని ఉంది. బెరడు బతికున్నదా, చచ్చినదా? కార్క్ కాంబియం అంటే మీరు చెప్పిన కాంబియమేనా?

బోటనీ_మాస్టారు

తల్లీ, మంచి డౌటు. రెండు కాంబియాలు వేరు వేరు. వాటిని కలిపేసుకుంటేనే ఈ చాప్టర్ గందరగోళంగా ఉంటుంది.

లేత కొమ్మకి బయట బాహ్యచర్మం ఒక్క వరుస కణాలతో ఉంటుంది. మునగ కొమ్మ కొసన చూడు, ఆకుపచ్చగా ఉంటుంది. లోపలి కాంబియం చెక్క వేస్తూ పోతే కొమ్మ చుట్టుకొలత పెరుగుతుంది. బాహ్యచర్మం అంత సాగలేదు, పగులుతుంది. పగిలితే నీళ్లు ఆవిరైపోతాయి, బూజు తెగుళ్లు లోపలికి వస్తాయి. అందుకని చెట్టు పగలకముందే ఏర్పాటు చేసుకుంటుంది. బాహ్యచర్మం కింద, వల్కలంలోని (బాహ్యచర్మానికీ నాళికాపుంజాలకీ మధ్యనున్న భాగం) బయటి వరుసల్లో కొన్ని కణాలు విడిపోవడం మొదలుపెడతాయి. అదే కార్క్ కాంబియం. గన్నేరు వంటి కొన్నిటిలో బాహ్యచర్మంలోనే పుడుతుంది. ఇది బయటికి బెండు కణాలు వేస్తుంది, లోపలికి కొద్దిగా సజీవ కణాలు వేస్తుంది. ఈ మూడూ కలిపి పరిచర్మం.

బెండు కణం గోడల్లో సూబరిన్ అనే మైనం వంటి పదార్థం చేరుతుంది. నీరు దాటదు. కణం పూర్తయ్యేసరికి చచ్చిపోతుంది, లోపల గాలి మిగులుతుంది. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి 'సెల్' అని పేరు పెట్టింది ఈ చచ్చిన బెండు గదులకే. సీసా బిరడాలు చేసే ఓక్ చెట్టు బెండు అది.

బెండు నీటిని ఆపుతుంది కాబట్టి దానికి బయట ఏది ఉన్నా ఎండి చస్తుంది. చెట్టు ఇంకా లావెక్కితే మొదటి పరిచర్మం కూడా పగులుతుంది. అప్పుడు మరింత లోపల కొత్త కార్క్ కాంబియం పుడుతుంది. దానికి బయట ఉన్నదంతా మళ్లీ చస్తుంది. ఇలా పొర మీద పొర. చివరికి పాత పోషక కణజాలంలోనే కొత్త కార్క్ కాంబియం పుడుతుంది. వేప, చింత మీద నువ్వు చూసే గరుకు పగుళ్లు ఈ చచ్చిన పొరలు రాలకుండా అంటుకుని ఉండడం వల్ల వచ్చినవి. జామలో చచ్చిన పొర పలచటి పెచ్చులుగా రాలిపోతుంది, అందుకే జామ మాను నున్నగా ఉంటుంది.

కాబట్టి బెరడు అంటే చెక్క చుట్టూ ఉన్న కాంబియానికి బయట ఉన్నవన్నీ. అందులో బయటి భాగం చచ్చినది, కాపలా కాస్తుంది. లోపలి భాగం బతికున్నది, ఆహారం మోస్తుంది. పరీక్షలో ఈ నాలుగు ముక్కలు రాసి, బొమ్మ నీట్‌గా వేస్తే చాలు.

నాగావళి_ఒడ్డు

బయటి బెరడు చచ్చిందే అయితే మందుకి ఒలుచుకోవడంలో తప్పేముంది? తెల్లమద్ది పట్ట కషాయం మా ఇంట్లో పెద్దవాళ్లు తాగుతారు. చెట్టుకి ఏం కాదంటారు.

కురుపాం_టీచర్ (పార్వతీపురం మన్యం)

అయ్యా, మా వైపు కొండ వాగుల ఒడ్డున తెల్లమద్ది మాన్లు ఎన్ని ఎండిపోయాయో చూస్తే మీరు ఈ మాట అనరు. సంతకి పట్ట తెచ్చేవాళ్లు గొడ్డలితో చెక్క కనబడేదాకా, మాను చుట్టూ ఒలిచేస్తారు. తూకం రావాలి కదా. వచ్చే ఏడాదికి చెట్టు మోడు. దాంతో వాగు గట్టు కూడా కోసుకుపోతుంది. నాకు బడి పిల్లలకి చెట్టు గురించి చెప్పే ప్రతిసారీ ఆ మోడులే గుర్తొస్తాయి.

పోర్చుగల్‌లో కార్క్ ఓక్ ఒలిచేవాళ్లని చూడండి. చెట్టుకి దాదాపు పాతికేళ్లు వచ్చేదాకా ముట్టుకోరు. ఆ తర్వాత కూడా తొమ్మిదేళ్లకి ఒకసారే. ఒలిచేటప్పుడు బయటి బెండు పలక మాత్రమే తీస్తారు, లోపలి సజీవ బెరడుకి గొడ్డలి తగలనివ్వరు. ఆ లోపలి బెరడులో కొత్త కార్క్ కాంబియం పుట్టి మళ్లీ బెండు కడుతుంది. అదే చెట్టు తరాల తరబడి ఇస్తుంది.

మద్దికి కావాల్సింది లోపలి పట్టే అయితే, మాను ఒక పక్కన చిన్న నిలువు ముక్క తీసి, ఆ దెబ్బ మూసుకునేదాకా ఇంకో ముక్క తీయకూడదు. చుట్టూ మాత్రం ఎప్పుడూ వద్దు.

బొబ్బిలి_చెక్కపని

నేను బోటనీ చదవలేదు, చెక్క చదివాను. మాది పనస చెక్కతో పని. బొబ్బిలి వీణ పనస మొద్దు నుంచి చేస్తారని అందరికీ తెలుసు. కుండ, దండి, తల అన్నీ ఒకే మొద్దులోంచి తీసిన ఏకాండి వీణకి ఉన్న గౌరవం వేరు. దానికి చేవ ఉన్న పెద్ద మాను కావాలి.

పనస మొద్దు అడ్డంగా కోస్తే నడుమ పసుపు పచ్చగా, నిండుగా ఉండేది చేవ. దాని చుట్టూ పాలిపోయినట్టు ఉండేది తెల్లచెక్క. తెల్లచెక్కకి పురుగు, చెద తొందరగా పడతాయి. చేవకి పట్టడం తక్కువ. గాలికి ఆరేకొద్దీ చేవ పసుపు నుంచి గోధుమ రంగుకి తిరుగుతుంది. మాస్టారూ, బతికున్న చెట్టులో ఏ చెక్క నీళ్లు మోస్తుంది? చేవా, తెల్లచెక్కా?

బోటనీ_మాస్టారు

తెల్లచెక్కే బాబూ. దాన్ని రసదారువు అంటాం. కాంబియం వేసిన కొత్త చెక్క నీళ్లు మోస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి పాత గొట్టాల్లోకి పక్క కణాలు బుడగల్లా ఉబ్బి అడ్డుపడతాయి, వాటి పేరు టైలోసులు. రంగు పదార్థాలు, టానిన్లనే వగరు పదార్థాలు, నూనెలు, బంకలు చేరతాయి. సజీవ కణాలు చస్తాయి. అదే చేవ. అది నీళ్లు మోయదు, మానుని నిలబెడుతుంది. అందులో చేరిన పదార్థాల వల్లే పురుగు దూరంగా ఉంటుంది.

జీడితోట బాబుకి ఈ సంగతి పనికొస్తుంది. ఊళ్లలో లోపలంతా తొర్రపోయి, మనిషి దూరేంత బోలుగా ఉన్న చింతమాన్లు ఏటా కాయడం చూసే ఉంటారు. చేవ మొత్తం కుళ్లినా చెట్టు బతుకుతుంది, ఎందుకంటే కాంబియం, దాని పక్కన కాస్త చెక్క, కాస్త పట్ట ఉంటే దాని కాపురం నడిచిపోతుంది. అదే చెట్టుకి లోపల చేవ రాయిలా ఉన్నా, చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు పట్ట తీస్తే చాలు, ఎండిపోతుంది. మనం కాపాడాల్సింది బయటి పక్కనే.

ఇక కొబ్బరి. కొబ్బరి, తాటి, ఈత, వెదురు ఏకదళ బీజ జాతులు, అంటే గింజలో ఒక్క పప్పే ఉండేవి. వాటి కాండంలో నాళికాపుంజాలు చెల్లాచెదురుగా ఉంటాయి. కొబ్బరి మొద్దు అడ్డంగా కోస్తే కనిపించే ముదురు చుక్కలు అవే. ఆ పుంజాల్లో కాంబియం లేదు. అది లేనప్పుడు మాను చుట్టూ కొత్త చెక్క వేసే వలయం లేదు, గాయం అంచున కొత్త కణాలు పుట్టించే పొర లేదు. అందుకే మీ తాతగారు కొట్టిన గాట్లు అలాగే ఉన్నాయి. ఎన్నేళ్లయినా అలాగే ఉంటాయి.

మరి కొబ్బరి అంత లావు ఎలా అయిందంటారేమో. కొబ్బరి ముందు లావెక్కి, తర్వాత పొడుగెక్కుతుంది. మొలిచిన తొలి ఏళ్లలో మొవ్వు దగ్గరి పెరుగుదల కేంద్రం వెడల్పు పెంచుకుంటూ మొదలుని తయారు చేసుకుంటుంది. ఆ వెడల్పు కుదిరాకే మాను పైకి లేస్తుంది. పెద్ద కరువో తెగులో వచ్చి మొవ్వు నీరసించిన కాలంలో ఏర్పడిన భాగం సన్నగా ఉండిపోతుంది, తర్వాత మళ్లీ లావవుతుంది. ఆ నొక్కు మాను మీద శాశ్వతంగా నిలుస్తుంది. ఉద్దానంలో పాత కొబ్బరి మాన్లని కింద నుంచి పైకి పరికించి చూడండి, ఏ ఎత్తులో నొక్కు ఉందో కనిపిస్తుంది.

అలాగని మాను గట్టిపడదని కాదు. బయటివైపు పుంజాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, కణాల గోడలు వయసుతో మందమవుతాయి. అందుకే ఇళ్లకి దూలాలుగా కొబ్బరి మాను మొదలు భాగం, బయటి చెక్క వాడతారు.

ఉద్దానం_జీడితోట

మాస్టారూ, ఇన్నాళ్లూ చూస్తున్నా ఈ కారణం ఎవరూ చెప్పలేదు. అయితే కొబ్బరికి బెరడు చుట్టూ ఒలిస్తే చావదా?

బోటనీ_మాస్టారు

పైపైన ఒలిస్తే జీడిలా వెంటనే చావదు, పుంజాలు లోపలంతా పరుచుకుని ఉన్నాయి కాబట్టి. కానీ పూడని గాయం కనుక ఆ దారిలో తెగులు లోపలికి పోతుంది. కొబ్బరి మాను మీద ఎర్రటి జిగురు కారే తెగులు పగుళ్ల లోంచే దిగుతుంది. మేకులు కొట్టడం, గాట్లు పెట్టడం కొబ్బరికి శాశ్వత నష్టం. ఎక్కడానికి యంత్రాలు వచ్చాయి, అవి వాడుకోండి.

పాత_ఫీల్డ్‌మ్యాన్ (ఆమదాలవలస)

గాయానికి ఏం పూయాలో ఎవరూ చెప్పలేదు. బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం 1 కేజీ, మంచి సున్నం 1 కేజీ, నీళ్లు 10 లీటర్లు. మైలుతుత్తం సగం నీళ్లలో ఒకచోట, సున్నం సగం నీళ్లలో ఇంకోచోట కరిగించి తర్వాత కలపాలి. ప్లాస్టిక్ బకెట్ లేదా కుండ వాడండి, ఇనుప పాత్ర వద్దు. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. చుట్టుపక్కల ఇంకా పురుగు పట్టని మాన్లకి మొదలు నుంచి మీటరు ఎత్తు దాకా 5 శాతం వేపనూనె పూస్తే తల్లి పురుగు గుడ్లు పెట్టడం తగ్గుతుంది. గుడ్లు పెట్టేది మాను మొదలు దగ్గర బెరడు పగుళ్లలోనే.

అంటుకట్టు_నర్సరీ

బోర్డో పేస్టు కొమ్మ కోసిన దెబ్బలకి నేనూ పూస్తాను. కానీ గాయం అంచున కొత్తగా లేస్తున్న లేత కణాల మీద చిక్కగా పూస్తే అవి కమిలిపోతాయని నా అనుభవం. కనబడే ఎండిన చెక్కకి పూయండి, అంచుకి కాస్త ఎడం వదలండి.

పాత_ఫీల్డ్‌మ్యాన్

వాన పడే చోట అంచు వదిలేస్తే శిలీంధ్రం ముందు అక్కడే దిగుతుంది బాబూ. పల్చగానైనా పూయాల్సిందే. మేం రైతులకి అదే చెప్పాం, ఫలితం చూశాం.

బోటనీ_మాస్టారు

ఇద్దరి మాటలోనూ పట్టించుకోవలసింది ఉంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లని నిలువునా కోసి గాయాలు పరిశీలించాడు. చెట్టు గాయాన్ని మన చర్మంలా మాన్పుకోదని, గాయపడిన చెక్క చుట్టూ గోడలు కట్టి దాన్ని వెలివేస్తుందని 1970ల నుంచీ వివరించాడు. దెబ్బ తిన్న చెక్క ఎప్పటికీ తిరిగి బాగుపడదు. దాని మీదుగా కొత్త చెక్క, కొత్త బెరడు ఎదిగి కప్పేస్తుంది. పూత ఆ కప్పే పనిని వేగం చేయదు. శిలీంధ్రాన్ని కొంతకాలం అడ్డుకోవడం వరకే దాని ఉపయోగం. కాబట్టి ఎండిన చెక్కకి పేస్టు, అంచుకి పల్చటి చెయ్యి. తారు లాంటి చిక్కటి పూత మాత్రం తాజా గాయం మీద వద్దు.

అసలు పని చేసేది కాంబియానికి అందే ఆహారం. పైన ఆకు బాగుంటే అంచు వేగంగా ఎదుగుతుంది. కాబట్టి ఈ ఏడాది ఆ మానుకి కొమ్మలు ఎక్కువగా కొట్టకండి. పసుపు తిరిగిన ఒక్క కొమ్మ తీసేస్తే చాలు.

డిగ్రీ_సెకండియర్

మాస్టారూ, వేరులో కూడా ఇలాగేనా? వేరులో నాళికాపుంజాలు దారువు ఒకచోట, పోషక కణజాలం ఒకచోట విడివిడిగా ఉంటాయి కదా, కాంబియం వాటి మధ్య వలయంగా ఎలా తయారవుతుంది?

బోటనీ_మాస్టారు

అక్కడే అందం ఉంది తల్లీ. పోషక కణజాలానికి లోపలి పక్క ఉన్న కణాలు ముందుగా కాంబియంగా మారతాయి. దారువు కొసల దగ్గర పరిచక్రం, అంటే నాళాల గుంపుని చుట్టి ఉండే పొర కణాలు వాటికి కలుస్తాయి. మొదట్లో ఆ పొర అలలా వంకర్లుగా ఉంటుంది. లోతుగా ఉన్న చోట్ల దారువు ముందుగా, ఎక్కువగా వేయడంతో ఆ వంకర్లు బయటికి నెట్టబడి క్రమంగా గుండ్రం అవుతుంది.

కార్క్ కాంబియం విషయంలో వేరుకీ కాండానికీ పెద్ద తేడా ఉంది. వేరులో అది సాధారణంగా పరిచక్రంలోనే, అంటే బాగా లోపల పుడుతుంది. బెండు కట్టగానే దానికి బయట ఉన్న అంతశ్చర్మం (వల్కలం లోపలి చివరి వరుస), వల్కలం, బాహ్యచర్మం, దాని మూలకేశాలు అన్నీ ఊడిపోతాయి. లావెక్కిన వేరుకి నీళ్లు పీల్చే మూలకేశాలు ఉండవు. అది లంగరు, గొట్టం, గోదాము. పీల్చే పని కొసల్లోని లేత వేర్లది.

రైతులు దీన్ని పట్టించుకోవాలి. ఎరువు తెచ్చి మాను మొదట్లో కుమ్మరిస్తే బెండు కట్టిన లావు వేర్లకి ఏం ఉపయోగం? కొమ్మల కొస నీడ పడే చోట పాదు చేసి వేస్తే పీల్చే వేర్లకి అందుతుంది.

వంశధార_దిగువ

ఇదే మాట మా నాన్న చెప్పేవాడు, కారణం తెలియదు. మరో విషయం మాస్టారూ, వరద తర్వాత మా తోటలో నీళ్లు నిలిచిన చెట్ల మొదలు మీద తెల్లటి బుడిపెలు లేచాయి. తెగులా?

బోటనీ_మాస్టారు

చాలావరకు తెగులు కాకపోవచ్చు. బెండు నీరు, గాలి రెండూ ఆపేస్తుంది. లోపలి సజీవ కణాలు ఊపిరి పీల్చాలి కదా. అందుకని కార్క్ కాంబియం కొన్నిచోట్ల బెండుకి బదులు వదులు వదులుగా ఉండే కణాలు వేస్తుంది. అవే వాతరంధ్రాలు. మునగ కొమ్మ మీద, మల్బరీ కొమ్మ మీద చిన్న చిన్న గీతల్లా, చుక్కల్లా కనిపించేవి అవే. నీళ్లు నిలిచినప్పుడు నేలలో గాలి అందక అవి ఉబ్బి బయటికి పొంగుతాయి. నీళ్లు బయటికి తీసెయ్యండి. మొదలు చుట్టూ మట్టి, చెత్త ఎగదోసి ఉంటే కూడా తీసెయ్యండి. మెడ దగ్గరి బెరడుకి ఎప్పుడూ గాలి తగలాలి.

మేడమీద_తోట (విజయనగరం)

వంటింటి వైపు నుంచి ఒక మాట. ఈ పాఠం అర్థం కాకపోతే క్యారెట్ అడ్డంగా కోసి చూడండి. నడుమ పాలిపోయి గట్టిగా ఉండే కాడ దారువు. చుట్టూ ఎర్రగా తియ్యగా ఉండేది ఎక్కువగా పోషక కణజాలం. రెండిటి మధ్య గీతలా కనబడేదే కాంబియం ఉన్న చోటు. బీట్‌రూట్‌లో వలయాలు వలయాలుగా ఉంటుంది, ఎందుకంటే అందులో ఒక కాంబియం తర్వాత ఇంకోటి, వరసగా పుడతాయి. బంగాళదుంప తొక్క మాస్టారు చెప్పిన పరిచర్మమే.

చిలగడదుంపలు తవ్వినవెంటనే నిల్వ పెడితే పాడవుతాయి. దెబ్బ తగిలిన చోట కొత్త బెండు కట్టనివ్వాలి. 30 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం తేమ ఉన్న చోట నాలుగు నుంచి ఏడు రోజులు ఉంచితే గాయాలు మూసుకుని నిల్వ ఆగుతాయి. మన వైపు వాతావరణంలో నీడలో, గాలి ఆడే గదిలో గోనెలు కప్పి పెడితే దానికి దగ్గరగా వస్తుంది.

నాగావళి_ఒడ్డు

కురుపాం టీచర్ గారూ, మీ మాట ఇంట్లో చదివి వినిపించాను. ఇకమీదట పట్ట తెచ్చేవాడిని ఎలా ఒలిచావని అడిగే కొంటాం.

రోడ్డు పక్క చెట్లకి బోర్డులు బిగించి, ఇనుప తీగ చుట్టేస్తారు. చెట్టు తీగని మింగేసినట్టు కనబడుతుంది. అది కూడా చావుకేనా?

బోటనీ_మాస్టారు

మేకు కొట్టిన చోట కాంబియం పక్కలనుంచి ఎదిగి దాన్ని కప్పేస్తుంది. ఐదడుగుల ఎత్తున కొట్టిన మేకు ఎన్నేళ్లయినా ఐదడుగుల ఎత్తునే ఉంటుంది, ఎందుకంటే పొడుగు పెరిగేది కొసల్లోనే, మానులో కాదు. చుట్టూ బిగించిన తీగ మాత్రం ప్రమాదం. మాను లావెక్కేకొద్దీ తీగ పట్టలోకి దిగి, పోషక కణజాలాన్ని చుట్టూ నొక్కేస్తుంది. గొడ్డలి లేకుండా ఒలిచినట్టే. మీ వీధిలో ఎక్కడైనా కనిపిస్తే చెట్టుకి దెబ్బ తగలకుండా కత్తిరించండి.

ఉద్దానం_జీడితోట

అందరికీ ధన్యవాదాలు. మానుని ఉంచాను. ఎండిన చెక్కకి పేస్టు పూశాం, అంచుకి పల్చగానే. వానలు పడ్డాక గాయం రెండు పక్కలా, బెరడుకీ చెక్కకీ మధ్య నుంచి లేత పచ్చటి ఉబ్బు బయటికి వస్తోంది. గోరుతో నొక్కితే మెత్తగా ఉంది. కానీ పై అంచున తక్కువగా ఉంది, కింది అంచున అసలు లేదు. కింద బెరడు ఎండినట్టుంది. ఏం చేయమంటారు?

అంటుకట్టు_నర్సరీ

మంచి వార్త అన్నా. గాయం ఎప్పుడూ పక్కల నుంచే ఎక్కువ మూసుకుంటుంది, పక్కలకి ఆహారం నేరుగా అందుతుంది కాబట్టి. కింది అంచుకి పైనుంచి దారి తెగింది, అందుకే ఎండింది. ఎండిన బెరడు వరకే, కింద మొన తేలేలా నిలువుగా కోసెయ్యండి. అడ్డంగా చదరంగా వదిలితే అక్కడ నీళ్లు నిలుస్తాయి.

పాత_ఫీల్డ్‌మ్యాన్

వారానికి ఒకసారి మొదలు చుట్టూ నేల మీద చూడండి. తాజా పొట్టు రాలిందంటే లోపల ఇంకా పురుగు ఉన్నట్టే, మిగిలిన సగాన్ని కూడా తినేస్తుంది. వేరు పైకి తేలిన చోట్ల కూడా మట్టి తీసి చూడండి, అది వేర్లలోకి కూడా దిగుతుంది. జనవరి నుంచి మే దాకా మరింత జాగ్రత్త, ఆ నెలల్లో దాని ఉధృతి ఎక్కువ.

పలాస_కుర్రాడు

అన్నా, మామయ్య తోటలో మొన్న ఇంకో మానుకి బంక కనబడింది. ఈసారి పీకట్లేదు, పొద్దున్నే కత్తి, బకెట్ పట్టుకుని వెళ్తున్నాను. చెక్క తెల్లబడేదాకా గీకొద్దని ఆయనకి ఫోన్‌లో ముందే చెప్పేశాను.